కాంట్రా అలవాటున్న చేతికి ఏ రోబో నప్పుతుంది? నాలుగు పాత ఆటల పోలిక

దసరా సెలవులకు మా చిన్నమ్మ కొడుకు మిర్యాలగూడ నుంచి నల్లగొండ వచ్చాడు. ఇంటర్ ఫస్టియర్. ఫోన్‌లో కాల్చుకునే ఆటలు తప్ప వాడికి ఇంకోటి తెలియదు, సరే చూద్దాం అని ల్యాప్‌టాప్‌కి కంట్రోలర్ తగిలించి సైబర్నేటర్ అనే పాత రోబో ఆట పెట్టి చేతికిచ్చాను. రెండు నిమిషాలు ఆడాడు, "ఏందన్నా ఇది, ఇంత మెల్లగ నడుస్తుంది, కరాబైందా?" అన్నాడు.

కరాబేం కాలేదు. ఆ రోబో నడిచేదే అట్లా. దమ్ములో కేజీ వీల్స్ ట్రాక్టర్ తోలినవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు: స్టీరింగ్ తిప్పిన తర్వాత బండి తిరగడానికి కొంచెం టైం పడుతుంది, ఆ టైంని ముందే లెక్కలో వేసుకుని తిప్పాలి. పెద్ద రోబోల ఆటలన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి. మనలో చాలామంది 90ల్లో టీవీకి తగిలించే క్యాసెట్ గేమ్‌లో కాంట్రా ఆడి పెరిగినవాళ్లం. అందులో మనిషి పక్షిలాగా ఎగురుతాడు, గాల్లో ఉండగానే వెనక్కి తిరుగుతాడు, ఒక్క బుల్లెట్‌కి పోతాడు. ఆ చేతులతోనే ఈ రోబోలు ఎక్కితే మొదటి అరగంట చిరాకే. పైగా ఈ ఆటలు మన ఊళ్లకి అప్పుడు రానే లేదు. మనకి వచ్చినవి అంతకు ముందు తరం మిషన్ల నకళ్లు, ఇవేమో సూపర్ నింటెండో, సెగా మెగా డ్రైవ్ ఆటలు. అందుకే పాతవే అయినా మనకి కొత్తవి.

ఇప్పుడు చేతిలో పాత ఆటలు ఆడించే ఎమ్యులేటర్ బాక్సో, పాత ల్యాప్‌టాపో ఉండి "పెద్ద రోబోతో ఏదైనా మంచి పాత ఆట చెప్పన్నా" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నేను చెప్పేవి నాలుగు: వాల్కెన్ (అమెరికాలో దీని పేరే సైబర్నేటర్), మెటల్ వారియర్స్, లేనోస్, గన్ హజార్డ్. నాలుగూ మంచివే, కాని నాలుగూ అందరికీ కావు.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు బరువు. రోబో ఎంత బద్ధకంగా కదిలితే మీరు ఓర్చుకోగలరు? ఇది తెలియకుండా రివ్యూల్లో మార్కులు చూసి మొదలుపెడితే అర్ధగంటలో మూసేస్తారు.

తర్వాత, పక్కన ఇంకొకరు ఉంటారా? ఈ నాలుగింట్లో ఇద్దరు ఆడుకునే ఆట ఒకటే ఉంది, అది కూడా కలిసి కాదు, కొట్టుకుంటూ. కాంట్రాలాగా అన్నా తమ్ముడూ పక్కపక్కన నడుచుకుంటూ పోయే సీను ఇక్కడ లేదు, ఆ ఆశతో వస్తే ఇప్పుడే వదిలేయండి.

టైం సంగతి. ఆదివారం మధ్యాహ్నం ఒకటి తేలిపోవాలా, నెల రోజులు రోజూ రాత్రి కొంచెం కొంచెం నడవాలా? దానికి తోడు, ఇంగ్లిష్‌లో వచ్చే కథ ఎంత చదవగలరు? మా వాడు డైలాగ్ బాక్స్ రాగానే బటన్ దబదబా నొక్కేస్తాడు. అలాంటివాళ్లకి గన్ హజార్డ్ ఇస్తే అన్నం పెట్టి చెయ్యి కట్టేసినట్టు ఉంటుంది.

ఆఖరిది బటన్లు, దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే దెబ్బ తిన్నాను. ఒక షాపులో చవగ్గా దొరికిందని ఒక ప్యాడ్ తెచ్చాను. దాని ప్లస్ గుర్తు బటన్ కుడివైపు నొక్కితే ఎంతో కొంత పైకి కూడా తగిలేది. కాంట్రాలో అయితే సర్దుకోవచ్చు. వాల్కెన్‌లో పైకి నొక్కితే రోబో తుపాకీ చెయ్యి మెల్లమెల్లగా పైకి లేస్తుంది, అంటే నేను కుడివైపు నడుస్తున్నంత సేపూ నా రోబో ఆకాశానికి దండం పెట్టుకుంటూ పోయేది, ముందు నుంచి వచ్చినవాడేమో హాయిగా కాల్చి పోయేవాడు. మూడు రోజులు ఆటనే తిట్టుకున్నాను, వేరే ప్యాడ్ పెట్టాక గాని తెలియలేదు. కాబట్టి ఆట కంటే ముందు ప్యాడ్ చూసుకోండి. ఫోన్ మీద టచ్ బటన్లతో అయితే ఈ నాలుగింట్లో ఏదీ వద్దు, నిజంగా వద్దు.

ఒక్క చూపులో

| ఆట | రోబో బరువు | ఇద్దరు | టైం | చదవాల్సింది | కనికరం |
|---|---|---|---|---|---|
| వాల్కెన్ / సైబర్నేటర్ | ట్రాక్టర్ | లేదు | చెయ్యి తిరిగాక రెండు గంటల లోపు | తక్కువ | పర్వాలేదు |
| మెటల్ వారియర్స్ | రోబోని బట్టి మారుతుంది | ఉంది, పోటీకి | ఒక ఆదివారం | తక్కువ | మధ్యస్థం |
| లేనోస్ / టార్గెట్ ఎర్త్ | బండి బరువే, టెన్షన్ దానికి రెండింతలు | లేదు | ఆట చిన్నది, నేర్చుకోవడానికి వారాలు | తక్కువ | లేనే లేదు |
| గన్ హజార్డ్ | మొదట బరువు, పార్టులు మార్చుకునే కొద్దీ తేలిక | లేదు | 15–20 గంటలు | చాలా | బాగా ఉంది |

టేబుల్ చూసి అయిపోయిందనుకోకండి, అసలు తేడాలు ఇందులో పట్టవు.

వాల్కెన్: రోబోలో కూర్చున్నట్టే

నా మొగ్గు దీని వైపే, ముందే చెప్పేస్తున్నా. 1992 డిసెంబర్‌లో జపాన్‌లో సూపర్ ఫ్యామికామ్‌కి (సూపర్ నింటెండోకి అక్కడి పేరు) వచ్చింది, చేసింది మసాయా పేరుతో ఆటలు అమ్మిన ఎన్‌సీఎస్ అనే కంపెనీ. 1993లో కొనామి దీన్ని సైబర్నేటర్ అని పేరు మార్చి అమెరికాలో అమ్మింది. మొత్తం ఏడు స్టేజీలు. కథ 2101లో, భూమ్మీద ఇంధనం తరిగిపోయి చంద్రుడి మీద హక్కు కోసం దేశాలు రెండు జట్లుగా కొట్టుకుంటుంటాయి.

కథ పక్కన పెట్టండి, పై నుంచి దూకి చూడండి. రోబో నేలకి తగలగానే ధబ్బుమంటుంది, మోకాళ్లు వంగుతాయి, ఒక్క క్షణం ఆగి గాని అడుగు వేయదు. గోడ మీద కాలిస్తే గోడ పగులుతుంది. తుపాకీలో గుండ్లు అయిపోతే దానంతట అదే నింపుకుంటుంది, కాని ఆ రెండు సెకన్లు మీరు ఉత్త చేతులతో నిలబడాలి. ఆ రెండు సెకన్లలో ఏం చేయాలి? షీల్డ్ అడ్డం పెట్టాలి, లేదా దగ్గరికి పోయి గుద్దాలి. అవును, ఈ రోబో పిడిగుద్దు గుద్దుతుంది, తుపాకీ కంటే అదే గట్టిది చాలాచోట్ల. తుపాకీ దిశని లాక్ చేసే బటన్ కూడా ఉంది, అంటే ఎదురుగా గురిపెట్టి ఉంచి వెనక్కి నడవొచ్చు. మా వాడికి మొదటి రోజు నచ్చనిదీ రెండో రోజు నచ్చిందీ ఇదే: పరిగెత్తడం మానేసి, షీల్డ్ పెట్టి, గురి లాక్ చేసి, వెనక్కి తగ్గుతూ కాల్చడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు వాడికి. చచ్చి చచ్చి నేర్చుకున్నాడు.

ఒకే రకం స్టేజీలు కావు. ఒకచోట గురుత్వాకర్షణ లేకుండా తేలుతూ పోతారు, ఇంకోచోట భూమి మీదికి దిగాల్సి వస్తుంది. ఒక చిట్కా కూడా ఉంది, మొదటి స్టేజీలో బాస్‌ని (చివర్లో వచ్చే పెద్ద శత్రువుని) తప్ప ఎవ్వరినీ చంపకుండా దాటితే నేపామ్ తుపాకీ ఇస్తుంది. తోలడం వచ్చాక చేయాల్సిన పని ఇది, మొదటి రోజే కాదు.

లోపాలు? అమెరికా వెర్షన్‌లో మాట్లాడేవాళ్ల బొమ్మలు తీసేశారు, చివర్లో వచ్చే ఒక కఠినమైన దృశ్యాన్ని కూడా కోసేశారు, దాంతో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అర్థం కాని పరిస్థితి చాలాచోట్ల. ఒరిజినల్‌లో సేవ్ కూడా లేదు. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ప్లగ్ మీదే నడుస్తుంది, ఐదో స్టేజీలో ఉండగా కరెంటు పోయింది ఒకసారి, ఆ సాయంత్రం ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు నేను. నింటెండో స్విచ్ అనే గేమ్ మిషన్ ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు. 2023లో వాల్కెన్ డీక్లాసిఫైడ్ అని అధికారికంగా మళ్లీ వచ్చింది, కోసేసినవన్నీ తిరిగి పెట్టి, కొత్త ఇంగ్లిష్‌తో. ఒక హెచ్చరిక మాత్రం: 2004లో పీఎస్2కి (ప్లేస్టేషన్ 2కి) వచ్చిన వాల్కెన్ జోలికి పోవద్దు. పేరు అదే, చెయ్యి తగిలిన అనుభవం అది కాదు. దాన్ని ఆడి "ఈ ఆట గురించి ఎందుకంత చెప్తారు" అనుకున్నవాళ్లు ఉన్నారు.

మెటల్ వారియర్స్: దిగిపోవచ్చు, మార్చుకోవచ్చు, కొట్టుకోవచ్చు

1995, లూకాస్‌ఆర్ట్స్ చేసింది, కొనామి అమ్మింది. అప్పటికే కొత్త తరం మిషన్లు వచ్చేస్తున్నాయి, కాబట్టి తక్కువమంది చేతికే వెళ్లింది, అసలు కార్ట్రిడ్జ్ అందుకే అంత ఖరీదు. తొమ్మిది మిషన్లు.

వాల్కెన్ చూసి నేర్చుకున్న ఆట అని తెలిసిపోతూనే ఉంటుంది, కాని ఒక పెద్ద తేడా పెట్టారు. ఒక్క బటన్‌తో రోబోలోంచి మనిషి బయటికి దూకుతాడు. ఇంత చిన్నగా, చీమంత, వీపు మీద జెట్‌ప్యాక్‌తో. రోబో పట్టని సందుల్లోకి దూరొచ్చు, ఖాళీగా నిలబడ్డ ఇంకో రోబో ఎక్కొచ్చు. రోబోలు ఆరు రకాలు. నైట్రో ఎగురుతుంది, కత్తి దూస్తుంది, అన్ని పనులకీ అదే. ప్రొమీథియస్ గున్న ఏనుగు, ఎగరడం రాదు, ఎదురొచ్చినవాడు మాత్రం మిగలడు. స్పైడర్ గోడలు, పైకప్పు పట్టుకుని పాకుతుంది. బాలిస్టిక్ బంతిలా దొర్లుతుంది. డ్రాకె గాల్లోనే ఉంటుంది, నేల మీద నడవదు. హావొక్ నేల మీద నిలబడి కొట్టే రకం. అంటే బరువు విషయంలో మీకు ఏది కావాలో అది ఇందులో దొరుకుతుంది. ట్రాక్టర్ కావాలంటే ప్రొమీథియస్, మోటర్ సైకిల్ కావాలంటే నైట్రో.

ఇంకొకటి, ఒంటరి ఆటలో స్క్రీన్ మీద ప్రాణం చూపించే గీత ఉండదు. దెబ్బ ఎంత తగిలిందో రోబో ఒంటి మీదే చూసుకోవాలి, ముక్కలు ఊడుతుంటాయి. మా బామ్మర్దితో పోటీ ఆడుతున్నప్పుడు ఒకసారి నేను కాల్చే బటన్ నొక్కుతున్నా, ఏమీ రావడం లేదు, ప్యాడ్ మళ్లీ పోయిందనుకుని కేబుల్ ఊపుతున్నా. వాడు నవ్వు ఆపుకుంటూ "బావా, ప్యాడ్ మంచిగనే ఉంది, నీ చెయ్యి ఊడింది చూసుకో" అన్నాడు. చూస్తే నిజంగానే నైట్రోకి తుపాకీ చెయ్యి లేదు.

ఆ పోటీ ఆటే దీన్ని కొనడానికి అసలు కారణం, నన్నడిగితే. స్క్రీన్ రెండుగా చీలుతుంది, ఎవరి రోబో వారిది, ఎదుటివాడు రోబో దిగి ఎక్కడ నక్కాడో వెతుక్కోవాలి. చిన్న టీవీలో ఇద్దరికీ కళ్లు లాగుతాయి కాబట్టి కాస్త పెద్ద స్క్రీన్ చూసుకోండి. ఒంటరిగా ఆడేవాళ్లకి మాత్రం నేను అంత గట్టిగా చెప్పను. మిషన్లు బాగానే ఉంటాయి గాని వాల్కెన్‌లో ఆ నేలకి తగిలినప్పటి ధబ్బు ఇక్కడ లేదు, కొన్నిచోట్ల తలుపు ఎక్కడుందో వెతకడమే పనవుతుంది.

లేనోస్: ఏడిపిస్తుంది

1990లో మెగా డ్రైవ్‌కి వచ్చింది, అమెరికాలో టార్గెట్ ఎర్త్ అన్నారు. వాల్కెన్‌కి ఇది అన్న. కథలో మాత్రం వాల్కెన్‌దే ముందు కాలం. గురుగ్రహపు చంద్రుడు గ్యానిమీడ్ మీద మొదలవుతుంది, మొదలవగానే అన్ని వైపుల నుంచీ వస్తారు, మీవాళ్లెవరో పగవాళ్లెవరో తేల్చుకునే లోపే సగం ప్రాణం పోతుంది.

స్టేజీకి ముందు ఆయుధాలు మీరే ఎంచుకోవాలి, ఇదొక్కటే వాల్కెన్ కంటే మిన్న. చిక్కేంటంటే కొత్త ఆయుధాలు మీరు బాగా ఆడితేనే వస్తాయి. ఎక్కువమందిని కొట్టినవాడికి మంచి తుపాకీ, చావుతప్పి బయటపడ్డవాడికి అదే పాతది. ఉన్నోడికే ఇంకా పెట్టే రకం ఆట. ఒక దయ ఉంది, దెబ్బ తగలకుండా కాసేపు ఓ మూల దాక్కుంటే కవచం మెల్లగా నిండుతుంది, అందుకని మూలలు వెతుక్కోవడమే ఇందులో సగం విద్య.

దీన్ని 2015లో పీఎస్4కి కొత్త బొమ్మలతో మళ్లీ చేశారు, తర్వాత కంప్యూటర్‌కీ వచ్చింది. సొంత డబ్బుతో సక్రమంగా కొనాలి, స్విచ్ లేదు, కంప్యూటరే ఉంది అంటే ఈ నాలుగింట్లో సులువైన దారి ఇదే. కాకపోతే వాల్కెన్ ఆడి చెయ్యి తిరిగాక మాత్రమే. ముందు ఇది మొదలుపెడితే రోబోల మీదే విరక్తి పుడుతుంది.

గన్ హజార్డ్: దగ్గర కూర్చోబెట్టి కథ చెప్తుంది

స్క్వేర్ 1996 ఫిబ్రవరిలో సూపర్ ఫ్యామికామ్‌కి తెచ్చింది, జపాన్‌లో మాత్రమే. పూర్తి పేరు ఫ్రంట్ మిషన్: గన్ హజార్డ్, కాని ఫ్రంట్ మిషన్ పేరు ఉంది కదా అని ఆ వరసలోని మిగతా ఆటల్లా చదరంగం ఎత్తులు వేసే ఆట అనుకోకండి, ఇది పక్కకి నడుస్తూ కాల్చేదే. వాల్కెన్ చేసినవాళ్లలో కొందరు దీనికి కూడా పనిచేశారు. సంగీతంలో ఉయెమట్సు, మిట్సుడా ఇద్దరి చెయ్యీ ఉంది, ఆ పేర్లు తెలిసినవాళ్లు ఇక్కడే ఆట పెట్టేసుకుంటారు, తెలియనివాళ్లకి వింటే తెలుస్తుంది.

2064లో బెర్గెన్‌లో సైనిక తిరుగుబాటు, అధ్యక్షుడిని కాపాడాల్సిన ఆల్బర్ట్ అనే సైనికుడు, అక్కడి నుంచి ప్రపంచమంతా తిరగడం. ఇక్కడ రోబోని వాంజర్ అంటారు. మిషన్ చేస్తే డబ్బులొస్తాయి, డబ్బుతో పార్టులు కొంటాం, అనుభవం పెరిగే కొద్దీ లెవెల్ పెరుగుతుంది. మొదట బరువుగా కదిలే వాంజర్ పది గంటల తర్వాత తేలిగ్గా ఎగురుతుంటే, అది మీరు సంపాదించి కొన్న తేలిక కాబట్టి మజా వేరే ఉంటుంది. దారిలో పరిచయమైనవాళ్లు మిషన్‌లోకి తోడు వస్తారు. రోబో దిగి నడవడమూ ఉంది, మెటల్ వారియర్స్ అంత పదునుగా కాదు గాని ఉంది. ఎక్కడైనా గట్టి బాస్ దగ్గర ఆగిపోతే వెనక్కి పోయి నాలుగు మిషన్లు చేసి బలం పెంచుకుని రావొచ్చు. చెయ్యి వేగం లేనివాళ్లకి ఇంతకంటే మంచి ఆట ఈ నాలుగింట్లో లేదు.

అడ్డంకి భాషే. అధికారికంగా ఇంగ్లిష్‌లో రాలేదు, 2004లో అభిమానులు చేసిన అనువాదంతోనే బయట అందరూ ఆడుతున్నారు. మాటలు బోలెడు. మధ్యలో రెండు వారాలు మానేసి మళ్లీ తెరిస్తే ఎవడు ఎవడి మనిషో మర్చిపోతాం. మిషన్లు కూడా ఒక్కోటి వాల్కెన్ స్టేజీ అంత చెక్కినట్టు ఉండవు, కొన్ని నింపడానికి పెట్టినవే.

మరి మీకేది

పక్కన బావో బామ్మర్దో రూమ్మేటో ఉంటే ఇంకేం ఆలోచించకుండా మెటల్ వారియర్స్. ప్యాడ్లు రెండూ ఒకే రకంవి తీసుకోండి, లేకపోతే ఓడినవాడు ప్యాడ్ మీద పెడతాడు.

ఒంటరిగా, రెండు మూడు సాయంత్రాల్లో ఒక మంచి ఆట పూర్తి చేయాలంటే వాల్కెన్. స్విచ్ ఉంటే డీక్లాసిఫైడ్, లేకపోతే సైబర్నేటర్ అయినా పర్వాలేదు, కథ సగం పోయినా రోబో మొత్తం అక్కడే ఉంది.

డ్యూటీ నుంచి వచ్చి రాత్రి ఒక మిషన్ ఆడి సేవ్ చేసి పడుకునేవాళ్లు, ఇంగ్లిష్ చదవడం ఇబ్బంది కానివాళ్లు గన్ హజార్డ్. మా ఆఫీసులో ఒకాయన, నాకంటే పదేళ్లు పెద్ద, వాల్కెన్ రెండో స్టేజీలో వదిలేసి ఇది మాత్రం పూర్తి చేశాడు.

పదేళ్లలోపు పిల్లలకి ఇవేవీ ముందు పెట్టను. మెగామ్యాన్ ఎక్స్ ఇవ్వండి, 1993 ఆట. అందులో హీరో మనిషంత రోబోనే గాని మధ్యమధ్యలో పెద్ద రోబో కవచం ఎక్కి గుద్దుకుంటూ పోవచ్చు, చెయ్యి వెంటనే మాట వింటుంది, పిల్లలకి అది చాలు. కాంట్రా అలవాటు అస్సలు పోని పెద్దవాళ్లకీ అదే.

లేనోస్ ఎవరికంటే, వాల్కెన్ రెండుసార్లు పూర్తి చేసి, నేపామ్ తుపాకీ కూడా సాధించి, ఇంకా ఆకలి తీరనివాళ్లకి. మా వాడు సెలవులు అయిపోయి మిర్యాలగూడ బస్సెక్కే రోజు పొద్దున మొదటి స్టేజీ ఎవరినీ చంపకుండా దాటబోయి, ఆఖరి తలుపు దగ్గర అలవాటుగా ఒకణ్ణి గుద్దేశాడు. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి పంపమన్నాడు, ముందు మంచి ప్యాడ్ కొనుక్కోరా అన్నాను.